చీటీల్లేని సీసాలు

పెద్దకోడలికి వాసన పోయింది. ముక్కు చక్కగానే ఉంది, ఊపిరి ఆడుతోంది, జలుబు కూడా లేదు. వాసన ఒక్కటే లేదు. జ్వరం తగ్గిన మర్నాడు వంటింటి గట్టు దగ్గర నిలబడి కూరగాయలు తరుగుతుంటే, వెనక స్టవ్ మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె మాడి నల్లబడిపోయింది. ముందు గదిలోంచి చిన్నకోడలు పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపింది.

"ఏంటక్కా, వీధి చివరిదాకా కొడుతోంది మాడు వాసన. నీకు తెలీలేదా?"

"ఏదో ధ్యాసలో ఉన్నాలే," అంది పెద్దకోడలు గిన్నె వంక చూస్తూ.

ధ్యాస మాట అబద్ధం. ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆ ఇంటికి అన్నం పెడుతున్నది ఆ ముక్కే.

అత్తగారు పోయి చాలా ఏళ్ళయినా తోడికోడళ్ళిద్దరికీ పెద్దకోడలు, చిన్నకోడలు అన్న పేర్లు మాత్రం మిగిలిపోయాయి. మగవాళ్ళు పొద్దున్నే పనులకు వెళ్ళిపోతారు. వీళ్ళిద్దరూ ముందు గదిలో ఒంటికి రాసుకునే నూనెలు తయారుచేస్తారు. పువ్వుల్లోంచీ ఆకుల్లోంచీ తొక్కల్లోంచీ తీసిన ఘాటైన తైలాలు తెప్పించుకుని, బాదం నూనెలోనో జోజోబా నూనెలోనో కొన్ని చుక్కలు వేసి కలుపుతారు. మొహానికొకటి, పగిలిన మడమలకొకటి, పడుకునే ముందు రాసుకోవడానికొకటి. కలపడం పెద్దకోడలి పని, అమ్మడం చిన్నకోడలి పని. పెద్దావిడకి మాట తక్కువ, చిన్నావిడకి ఇద్దరి వంతూ ఉంది కనుక వ్యాపారం బాగానే సాగుతోంది.

వీధిలో వాళ్ళు పెద్దకోడల్ని చాటుగా ముక్కుపిన్ని అంటారు. ఎదురుగా అన్నా ఆవిడ మురిసిపోయేదే. మూత తీసి ఒక్కసారి పీలిస్తే చాలు, ఏ నూనె, ఎంత పాతది, అందులో ఇంకేమైనా కలిపారా, అన్నీ చెప్పేసేది. అమ్మే సీసాలకు చిన్నకోడలు ముచ్చటగా చీటీలు అంటించేది గానీ, పెద్దకోడలు తన అలమారలో పెట్టుకునే గోధుమరంగు సీసాలకు చీటీ అన్నదే లేదు. "చీటీ ఎందుకే, మూత తీస్తే తన పేరు తనే చెప్తుంది," అనేది. వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. ఆ ముచ్చట చూడ్డానికే కొందరు వచ్చేవాళ్ళు కూడా. పొగడ్త ఎంత తిన్నా కడుపు నిండని పదార్థం. ఆవిడ చీటీలు అంటించే ఆలోచనే మానేసింది.

వాసన పోయాక ఎవరికీ చెప్పకుండా ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. రావచ్చు, రాకపోవచ్చు, వేచి చూడండి అన్నాడాయన. సరే చూద్దామని, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఊరుకుంది. అప్పటికే చిన్నకోడలు ఎక్కడెక్కడో తిరిగి, పెద్ద స్పా నడిపే ఒకావిడకి తన అక్క ముక్కు గురించి చిలవలు పలవలుగా చెప్పి, ఒకసారి వచ్చి చూడమని ఒప్పించింది. ఆవిడ దగ్గర రోజూ ఎంతోమంది మొహాలకు నూనె రాయించుకుంటారు. ఆ నూనె ఈ గదిలోంచి వెళ్తే ఇక వెనక్కి తిరిగి చూసుకునే పనిలేదు. ఇలాంటప్పుడు ముక్కు పనిచెయ్యట్లేదని చెప్పడానికి నోరెలా వస్తుంది?

కాబట్టి ముక్కు చేసే పనిని చేతులకు అప్పగించింది. ఏ సీసా ఎక్కడుంటుందో చేతికి తెలుసు. పుదీనా, నీలగిరి అయితే వాసన లేకపోయినా ముక్కులో చల్లగా తగులుతాయి. గంధం చిక్కగా, బద్ధకంగా జారుతుంది. తక్కినవన్నీ వరసను బట్టే. పై అరలో ఎడమ నుంచి లావెండర్, దాని పక్కన టీ ట్రీ, ఆ చివర రెండు నిమ్మ నూనెలు.

ఆ రెండు నిమ్మల సంగతి చెప్పాలి. ఒకటి నిమ్మతొక్కని ఆవిరి పట్టించి తీసిన నూనె. అది పగలు రాసుకున్నా ఏమీ కాదు. రెండోది తొక్కని పచ్చిగా పిండి తీసినది. దాన్ని ఒంటికి రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలుతుంది. వెంటనే కాదు, అదే దాని గమ్మత్తు. ఆ రోజంతా ఏమీ తెలియదు. మర్నాడో ఆ తర్వాతో ఎర్రబడి, పొక్కి, తర్వాత నల్లటి మచ్చయి నెలల తరబడి పోదు. అందుకే పిండిన నూనెను సబ్బుల్లోనూ గది తుడిచే నీళ్ళలోనూ వాడేవాళ్ళు. కొనేవాళ్ళందరికీ చిన్నకోడలు ఒక పాటలా ఈ సంగతి అప్పజెప్పేది.

స్పా ఆవిడ వస్తుందని చిన్నకోడలు ఆ వారం గదినంతా దులిపింది. అలమార కూడా ఖాళీచేసి, అరలు తుడిచి, సీసాలు సర్దింది. పెద్దకోడలు చూసేసరికే పని అయిపోయింది.

"ఉన్నవి ఉన్నట్టే పెట్టానక్కా. మూత తీస్తే నీకెలాగూ తెలుస్తుందిగా."

"తెలుస్తుందిలే," అంది పెద్దకోడలు.

ఆ మర్నాటి సాయంత్రం చిన్నకోడలి కూతురు వచ్చి పెద్దమ్మ ఒళ్ళో మొహం పెట్టింది. చదువులో అంతంతమాత్రమే గానీ లాంగ్ జంప్‌లో ఆ పిల్లకు సాటి లేదు. అందుకే ఇంటిల్లిపాదీ మిడత అని పిలుస్తారు. మర్నాడు బయట గ్రౌండులో పెద్ద పోటీలు. ఆ పిల్ల బెంగ పోటీ గురించి కాదు, నుదుటి మీద మొటిమల గురించి.

"ఫోటోలు తీస్తారు పెద్దమ్మా. గెలిస్తే ఆ మొహం స్కూలు గోడకి ఎక్కిస్తారు. ఈ మొటిమల్తో ఎక్కను నేను."

"గెలిచాక కదే ఎక్కేది."

"గెలుస్తాను, అది నా పని. మొహం నీ పని."

ఆ మాటకి పెద్దకోడలు కరిగిపోయి లేచింది. చిన్న సీసాలో జోజోబా నూనె పోసి, లావెండర్ వేసి, అర చివర ఆవిరి నిమ్మ ఉండే చోటికి చెయ్యి చాచింది. ఎండలో తిరిగే పిల్ల కదా, ఆవిరి నూనే వెయ్యాలి. డ్రాపర్‌తో చుక్కలు వేసి పైకెత్తి వాసన చూసినట్టు చేసింది. ఏమీ తెలియలేదు. చప్పగా ఉంటే పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమోనని ఇంకో నాలుగు చుక్కలు వేసింది. మిడత మూత తీసి పీల్చి, కళ్ళు మూసుకుని, "భలే ఉంది," అంది. పెద్దకోడలికి ఆ రోజు నిశ్చింతగా నిద్రపట్టింది.

మర్నాడు మబ్బు తునక కూడా లేదు. పొద్దున్నే మిడత మొహం నిగనిగలాడించుకుంటూ బస్సెక్కి వెళ్ళిపోయింది. ఎండ గదిలోకి వచ్చి బల్లమీద పరుచుకునే వేళకి స్పా ఆవిడ కారు గుమ్మం ముందు ఆగింది.

చూడ్డానికి కఠినంగా లేదు గానీ, కుర్చీలో కూర్చునే ముందు కుర్చీని కూడా ఒకసారి పరీక్షగా చూసింది.

"మీ తోడికోడలు చెప్పినదాంట్లో సగం నిజమైనా చాలు నాకు," అంది.

"నేను చెప్పిందే సగమండి," అంది చిన్నకోడలు కాఫీ అందిస్తూ.

పెద్దకోడలు నవ్వింది. చేతులు చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది. సన్నటి కాగితపు పట్టీలు తీసి, ఒక్కో నూనె ఒక్కో చుక్క వేసి అందించసాగింది. ముందు పుదీనా తీసింది. అది తనకీ తగులుతుంది కనుక ధైర్యంగా మాట్లాడింది. తర్వాత గంధం. అది చిక్కదనంతోనే దొరుకుతుంది. లావెండర్ గురించి ఎన్నోసార్లు చెప్పిన మాటలే మళ్ళీ చెప్పింది. స్పా ఆవిడ తల ఊపుతోంది. గండం గడిచేలా ఉందని పెద్దకోడలు కొంచెం ఊపిరి తీసుకుంది.

"ఇది ఆవిరి నిమ్మండి," అని ఇంకో పట్టీ ఇచ్చింది. "మొటిమలున్న మొహాలకు మంచిది. ఎండలోకి వెళ్ళేవాళ్ళకి కూడా భయం లేదు."

స్పా ఆవిడ పీల్చి కళ్ళు పెద్దవి చేసింది. "ఎంత తాజాగా ఉందో. ఇప్పుడే గోరుతో తొక్క గీకినట్టుంది."

పెద్దకోడలి చెయ్యి సీసా మీదే ఆగిపోయింది. ఆవిరి నూనెకు తొక్క వాసన రాదు. అది తియ్యగా, సోడాలా ఉంటుంది. తొక్క గీకినట్టుండేది పిండిన నూనె. ఈ ముక్క ఎంతమందికి చెప్పిందో తనకే లెక్క తెలియదు.

"తొక్కలాగానా? సోడాలా తియ్యగా లేదూ?"

"లేదండీ, తొక్కే. చివర్లో కాస్త చేదు కూడా తగుల్తోంది."

"చూశావా అక్కా, ఆవిడదీ ముక్కే," అంది చిన్నకోడలు హుషారుగా.

పెద్దకోడలికి ఆ మాట వినపడలేదు. స్పా ఆవిడ చేతిలోంచి పట్టీ మెల్లగా తీసుకుని బల్ల చివర ఫ్యాను కింద పెట్టింది. అలమారలో దాని పక్క సీసా తీసి, రెండో పట్టీ మీద ఒక చుక్క వేసి, మొదటిదాని పక్కనే పెట్టింది. ఎగిరిపోకుండా రెండింటి చివర్లమీదా చెంచా ఉంచింది. ఆవిరి నూనె పూర్తిగా గాలిలో కలిసిపోతుంది, కాగితం మళ్ళీ తెల్లబడుతుంది. పిండిన నూనెలో తొక్కలోని రంగూ మైనమూ ఉంటాయి కనుక పచ్చటి మరక మిగులుతుంది. ముక్కు చెప్పకపోయినా కాగితం చెప్తుంది. ఆరేదాకా ఆగాలి, అంతే.

ఆగడం అంటే ఏమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది. నోరు ఏదో మాట్లాడుతోంది. మడమల నూనె గురించి, చలికాలం పెదవుల గురించి. కళ్ళు మాత్రం బల్ల చివరే ఉన్నాయి. ఈవిడ ముక్కు అంత నమ్మదగింది కాదేమో అనుకుంది. అలమార తుడిచినా చిన్నకోడలు జాగ్రత్తగానే పెట్టి ఉంటుంది అనుకుంది. ఇంతలో నిన్న సాయంత్రం తన చెయ్యి ఎక్కువగా వేసిన నాలుగు చుక్కలూ ఒకదాని వెంట ఒకటి కళ్ళముందు రాలాయి. కిటికీలోంచి పడ్డ ఎండ బల్లమీద కాలిపోతోంది. గ్రౌండులో పందిరైనా ఉందో లేదో.

స్పా ఆవిడ సంచిలోంచి ఒక చిన్న సీసా తీసింది.

"ఇది మా దగ్గర ఇంతకుముందు పనిచేసినావిడ కలిపింది. ఇందులో ఏమేముందో మీరు చెబితే నేనింకేమీ అడగను."

చిన్నకోడలు బిడ్డ పరీక్ష రాస్తున్న తల్లిలా ముందుకు వంగి కూర్చుంది. పెద్దకోడలు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. ఖాళీ సీసా పీల్చినా అంతే. కానీ ఆవిడకి ఇలాంటిదేదో వస్తుందని ముందే తెలుసు, జవాబు కూడా సిద్ధంగా ఉంది. స్పాల్లో లావెండర్ లేని మొహం నూనె ఎక్కడుంటుంది? "లావెండర్, దాని వెనక మీరు బయటకి చెప్పకూడదనుకునేది ఇంకొకటి," అని నవ్వితే చాలు. ఆ నవ్వుతో ఈ ఇల్లు నిలబడిపోతుంది.

నవ్వబోతూ బల్ల చివరకు చూసింది. రెండో పట్టీ తెల్లగా అయిపోతోంది. మొదటి పట్టీ మీద, మిడత కోసం తను డ్రాపర్ ముంచిన సీసాలోని చుక్క, పసుపుపచ్చటి మరకై కూర్చుంది.

"ఇందులో ఏముందో నాకు తెలీదండి," అంది పెద్దకోడలు. సీసా బల్లమీద పెట్టేసింది. "నాకు వాసన తెలీదు. జ్వరమొచ్చి తగ్గినప్పట్నుంచీ ఏ వాసనా తెలీదు."

"అక్క వేళాకోళం..." అని నవ్వబోయిన చిన్నకోడలు ఆవిడ మొహం చూసి ఆగిపోయింది.

"మిడత పొద్దున నూనె ఎక్కడెక్కడ రాసుకుంది?"

"మొహానికి. మెడకి కూడా. ఏం?"

"అది పిండిన నిమ్మ. నేనే వేశాను. ఆవిరిదనుకున్నాను."

కొనేవాళ్ళందరికీ పాటలా అప్పజెప్పిన సంగతి కనుక చిన్నకోడలికి మళ్ళీ ఎవరూ వివరించక్కర్లేకపోయింది. లేచి ఫోన్ అందుకుంది. మిడత ఫోన్ పక్కగదిలోనే మోగింది. పోటీలకు ఫోన్లు తేవద్దన్నారు. డ్రిల్ మాస్టారి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే.

స్పా ఆవిడ అప్పటికే కారు తాళాలు తీసింది. "దారి చెప్పండి," అంది.

పెద్దకోడలు అలమారలో ఇంకా చీటీలు అంటించని సబ్బులు ఒడిలోకి ఎత్తుకుంది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. వీటిలో సగం పిండిన నిమ్మ వేసిన సబ్బులే, ఏవి ఏవో తనకి తెలియదు. అన్నీ అక్కడే కుమ్మరించి, లోపలికి పరుగెత్తి బట్టలుతికే తెల్ల సబ్బు తెచ్చుకుంది. తను చేసిన సొంత సబ్బును తనే నమ్మలేని గతి పట్టింది ఆవిడకి.

ముగ్గురూ కారెక్కారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చిన్నకోడలు కిటికీ వైపు చూస్తూనే అడిగింది.

"ఎన్నాళ్ళయింది?"

"పాలు మాడిన రోజునుంచీ."

"అంటే ఇన్నాళ్ళూ నేను ఊరంతా తిరిగి, మా అక్క ముక్కు, మా అక్క ముక్కు అని..." మాట మింగేసింది. "నా కూతురి మొహమక్కా అది. నీ పరువు దాచుకోడానికి దాని మొహమే దొరికిందా?"

కారు కదిలాక చిన్నకోడలే మళ్ళీ, గొంతు తగ్గించి, "సీసాలు తుడిచింది నేనే కదా," అంది.

"తుడిచింది నువ్వే. చూసుకోవాల్సింది నేను."

గ్రౌండులో పందిరి ఉంది, పెద్దలు కూర్చునేచోట. పిల్లలందరూ ఎండలోనే ఉన్నారు. మైకు చెవులు చిల్లులు పొడుస్తోంది. మాస్టారికి ఫోన్ ఎందుకు వినపడలేదో అర్థమైంది. ఇసుక గుంట అవతల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ మిడత, వీళ్ళని చూసి చెయ్యి ఊపింది. నుదురు ఎండకి అద్దంలా మెరుస్తోంది.

"అమ్మా, నేనే ముందున్నా ఇప్పటికి. ఇంకో జంప్ ఉంది. పెద్దమ్మా, నీ నూనె సూపరు. మా నలుగురం పూసుకున్నాం."

"నలుగురా?" అంది పెద్దకోడలు.

"రిలే వాళ్ళం. ఫోటోలో నేనొక్కదాన్నే మెరిస్తే ఏం బాగుంటుంది?"

తన ఇంటి పిల్ల మొహం ఒకటే అనుకుంది పెద్దకోడలు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని వాళ్ళ పిల్లలు ముగ్గురు, అక్కడ నీడ కూడా లేకుండా కబుర్లు చెప్పుకుంటూ నిలబడి ఉన్నారు. మిడత చెయ్యి పట్టుకుంది.

"ముందు నువ్వు నీడలోకి రా. మొహం కడగాలి. సబ్బుతో, రెండు మూడుసార్లు."

"జంప్ అయ్యాక."

"ఇప్పుడే రా. ఆ నూనెతో ఎండలో ఉంటే మొహం కాలుతుంది."

మిడత బుగ్గ తడుముకుని నవ్వింది. "ఎక్కడ కాలింది? చల్లగానే ఉంది. నువ్వు చేసిందే కదా పెద్దమ్మా, నువ్వు చేసింది ఎప్పుడైనా ఎవరికైనా పడకుండా ఉందా?"

చుట్టూ పిల్లలు మూగారు. డ్రిల్ మాస్టారు విజిల్ నోట్లోంచి తీసి, "ఏంటమ్మా గొడవ? పిల్ల బానే ఉందిగా. జంప్ చెయ్యనివ్వండి," అన్నాడు. మొహాల్లో ఏమీ లేదు, నిజమే. ఆ నూనెను నమ్మడానికి అందరికీ కారణముంది. ఆ నూనెను నమ్మొద్దని చెప్పడానికి ఒక్క మనిషే ఉంది.

"మాస్టారూ, ఇవాళ కనపడదండి. రేపో ఎల్లుండో పొక్కుతుంది, నల్లబడుతుంది. ఆ నూనె చేసింది నేనే," అంది పెద్దకోడలు. మైకు మోతలో వినపడదని గొంతు పెంచింది, అందుకని కావాలనుకున్నదానికంటే ఎక్కువమందికి వినపడింది. "ఒకదానికి బదులు ఇంకోటి వేశాను. వాసన చూసి పట్టుకోవాల్సింది. నాకు వాసన తెలీడం మానేసింది. తెలిసినట్టు నటిస్తూ వచ్చాను."

మిడత నవ్వు ఆగిపోయింది. పెద్దమ్మ మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, "ఒసేయ్, రండే," అని తక్కిన ముగ్గుర్నీ పిలుచుకుని, పందిరి వెనక కుళాయి దగ్గరికి పరుగెత్తింది.

బట్టల సబ్బు కళ్ళల్లో మండుతుంటే పిల్లలు కీచుమంటున్నారు. చిన్నకోడలు ఒక్కొక్కరి తల వంచి రుద్దుతోంది. స్పా ఆవిడ ఖరీదైన చీర అంచులు తడుస్తుంటే పట్టించుకోకుండా కుళాయి పట్టుకుని నిలబడింది. పెద్దకోడలు మిడత నుదురూ బుగ్గలూ గడ్డమూ రెండుసార్లు కడిగి మూడోసారి సబ్బు రాస్తుండగా మైకులో పిల్ల నంబరు పిలిచారు. మిడత కళ్ళు తెరవబోయింది, నురగ లోపలికి పోయింది. మళ్ళీ పిలిచారు. "వస్తున్నా," అని అరిచింది గానీ ఆ అరుపు పందిరి దాటలేదు. మొహం తుడుచుకుని గుంట దగ్గరికి చేరేసరికి తన వంతు దాటిపోయింది, ఇంకో స్కూలు పిల్ల దూకేసి ఇసుక దులుపుకుంటోంది. దూరం కొలిచారు. మిడత దూకినదానికంటే ఎక్కువే వచ్చింది.

అప్పుడైనా ఆ పిల్ల ఒక మాట అని ఉంటే పెద్దకోడలికి తేలికయ్యేది. తల్లి తెచ్చిన తువ్వాలు నెత్తిమీద కప్పుకుని కారులో ఒక మూల ముడుచుకు కూర్చుంది. స్పా ఆవిడ వాళ్ళని గుమ్మం దగ్గర దింపి, పిల్ల ఎలా ఉందో కబురు చెయ్యమంది. నూనెల మాట ఎత్తలేదు, వీళ్ళూ ఎత్తలేదు.

తర్వాత మొదలైంది అసలు కాపలా. డాక్టరు చూసి, కడిగెయ్యడం మంచిదైంది, ఎంత లోపలికి పోయిందో రెండు రోజులు ఆగితే గానీ చెప్పలేనన్నాడు. కర్టెన్లు మూసిన గదిలో మిడతని కూర్చోబెట్టారు. తక్కిన ముగ్గురు పిల్లల ఇళ్ళకూ పెద్దకోడలే వెళ్ళింది. తలుపు తీసిన ప్రతి తల్లికీ అదే మాట మొదటినుంచీ చెప్పింది. ఒకామె తిట్టింది, ఒకామె ఏడ్చింది, ఒకామె విని తలుపు వేసుకుంది. చిన్నకోడలు ఇంట్లో పనులన్నీ చేస్తోంది, కంచంలో అన్నం పెడుతోంది, పలకరించడం మాత్రం లేదు. పెద్దకోడలు గంటకోసారి గది గుమ్మం దగ్గరికి వెళ్ళి, మిడత మొహాన్ని చీకట్లోనే వెతికి, వెనక్కి వచ్చేది. మర్నాడు ఏమీ కనపడలేదు. ఏమీ కనపడకపోవడం కూడా భయమే అయింది.

ఆ పైరోజు తెల్లవారాక తల్లి కర్టెన్ తీసి చూసింది. నుదురు కాస్త ఎర్రబడింది, అంతే. బుగ్గలు బాగున్నాయి. మెడ మాత్రం బాగాలేదు. చెవి కిందనుంచి గొంతుదాకా, నూనె చేతిని మిడత తుడుచుకున్న చోట, మూడు వేళ్ళ చారలు ఎర్రగా పొక్కి ఉన్నాయి. ఆ హడావిడిలో మొహం కడిగినవాళ్ళు ఎవరూ మెడ కడగలేదు. పొక్కులు మానాయి, చారలు నల్లబడ్డాయి. పోతాయి గానీ నెలలు పడుతుందన్నాడు డాక్టరు. తక్కిన పిల్లల్లో ఒకరికి ముక్కు పక్కన చిన్న మచ్చ మిగిలింది. తలుపు వేసుకున్నామె కూతురికి అది.

పెద్దకోడలు ముందు గది తలుపు తీసి చాలారోజులైంది. ఒక రోజు మిడతే తీసింది. స్కూలు సంచిలోంచి జిగురు, కత్తెర, తెల్ల కాగితాలు తెచ్చి బల్లమీద పెట్టింది. అలమారలో సీసాలన్నీ కిందకి దించింది. పెద్దకోడలు గుమ్మంలో నిలబడి చూసింది.

"రా పెద్దమ్మా. నేను వాసన చూస్తా, నువ్వు రాయి."

"నీకేం తెలుసే ఏది ఏదో?"

"నాకు తెలీదు. ఎలా ఉందో చెప్తా. పేరు నువ్వు చెప్పు."

పక్క గదిలో చిన్నకోడలు గిన్నెల చప్పుడు ఆపింది. పెద్దకోడలు వచ్చి కూర్చుంది, పెన్ను తీసుకుంది. మిడత మొదటి సీసా మూత తీసి పీల్చింది. "ఉతికి ఆరేసిన దుప్పటి," అంది. లావెండర్ అని రాసింది పెద్దకోడలు. "హాస్పిటల్లో గచ్చు కడిగినట్టు," అంది. టీ ట్రీ. "సోడా. తియ్యగా." ఆవిరి నిమ్మ. తర్వాతి సీసా తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, దాన్ని పెద్దమ్మ ముందుకు తోసింది. పెద్దకోడలు కాగితం మీద 'పిండిన నిమ్మ, ఎండలో వద్దు' అని రాసింది.

"మెడ చూపించు," అంది.

మిడత జడ పక్కకి తీసింది. మూడు చారలు, గోధుమరంగు సీసా రంగులోనే ఉన్నాయి.

"మండుతోందా?"

"లేదు." పిల్ల జడ వెనక్కి వదిలేసింది. నవ్వుతూనే అంది, కానీ పెద్దమ్మ వైపు చూడలేదు. "సీసాకి అంటించాల్సిన చీటీ నాకంటించావు పెద్దమ్మా."

పెద్దకోడలికి కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు, చేతికి జిగురు ఉంది. రాసిన చీటీ సీసా మీద పెట్టి, వేలితో నాలుగు మూలలా గట్టిగా అదిమి, తర్వాతి సీసా మిడత చేతికిచ్చింది.